ఓటీపీ సూరత్‌లో, మామ్మ ఆర్యపల్లిలో: సరిహద్దు జిల్లాల్లో సేవ పని ఎలా మారింది?

తీరం_గంజాం

అందరికీ నమస్కారం. ఒడిశా గంజాం జిల్లాలో గోపాల్‌పూర్, ఆర్యపల్లి, సోనాపూర్ వైపు మన తెలుగు మత్స్యకార పేటల్లో పింఛను, రేషను, సుభద్ర (ఒడిశా సర్కారు ఆడవాళ్లకిచ్చే సాయం) పనులు చూసే కార్యకర్తల కోసం ఈ చర్చ మొదలుపెడుతున్నాను. ఒకప్పుడు ఈ పనంటే ఇంటికెళ్లి కూర్చోవడం, ఎవరు మంచాన పడ్డారో, ఏ ఇంట్లో పొయ్యి వెలగడం లేదో కనుక్కోవడం, దరఖాస్తు రాసి బ్లాకు ఆఫీసులో ఇచ్చి రావడం. ఇప్పుడు పొద్దంతా ఆ మనిషి ఆ మనిషేనని యంత్రం చేత ఒప్పించడానికే పోతోంది.

యాప్‌లు వచ్చాయి కాబట్టే ఇలా అయిందనుకుంటే సగమే నిజం. ఇళ్లే మారిపోయాయి. కుర్రాళ్లు సూరత్ మగ్గాలకో, వేరే రాష్ట్రాల హార్బర్లకో పోతున్నారు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ వాళ్లతోనే పోతుంది. మామ్మ ఆధార్‌కి ముడిపెట్టింది ఆ నంబరే. ఇక్కడ కార్యకర్త బటన్ నొక్కితే ఓటీపీ సూరత్‌లో మోగుతుంది. మగ్గం చప్పుడులో అది వినబడదు, అతను చూసేసరికి పది నిమిషాల గడువు తీరిపోతుంది. మామ్మ అరుగు మీద కూర్చునే ఉంటుంది.

ఏ పని ముందు చెయ్యాలి, ఏది తర్వాత, ఎక్కడ చెడుతోంది, ఎందుకు? తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

గుణుపురం_వంశధార

ముందు పేరు సరిచెయ్యండి, మిగతావన్నీ ఆ తర్వాతే. మన దగ్గర దరఖాస్తులు ఎక్కువగా ఆగేది పేరు దగ్గర. కారణం మన భాషల్లోనే ఉంది.

తెలుగులో ఇంటిపేరు ముందు. ఒడియాలో, మరాఠీలో చివర. "అప్పలనరసమ్మ" అనే పేరే తీసుకోండి. రేషను కార్డు ఒడియాలో ఎక్కించినప్పుడు ద్విత్వాలు పోయి, చివరి "మ్మ" కాస్తా "మా" అయి "ఆపల నర్సమా" అయింది. బ్యాంకులో ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించి ముందు పెట్టి, పేరంతా కలిపి రాశారు. ఆధార్‌లో పేరు రెండు ముక్కలై ఇంటిపేరు వెనక్కి పోయింది. మనిషి ఒక్కర్తే, కంప్యూటర్‌కి ముగ్గురు. పెళ్లయ్యాక ఒక కార్డులో పుట్టింటి పేరు, ఇంకో కార్డులో అత్తింటి పేరు ఉంటే నలుగురు.

దిద్దేటప్పుడు అందరూ చేసే పొరపాటు ఆధార్‌ని రేషను కార్డుకి సరిపోయేలా మార్చబోవడం. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోవచ్చు, పుట్టిన తేదీ ఒక్కసారే. అందుకని ఆధార్‌లో ఉన్నది మరీ తప్పు కాకపోతే దాన్ని కదపకండి. అదే మూలం అనుకుని బ్యాంకును, రేషనును దాని దగ్గరికి తీసుకురండి. బ్యాంకులో పేరు దిద్దడానికి ఆధార్ నకలు, పాసుపుస్తకం, సంతకమో వేలిముద్రో పెట్టిన అర్జీ ముందు సిద్ధం చేసుకోండి. రేషను కార్డు అర్జీ బ్లాకు ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. రసీదు లేని అర్జీ ఇవ్వనట్టే లెక్క.

దిద్దేముందు ఒక కాగితం మీద నాలుగు కార్డుల్లో ఉన్న పేర్లను, ఖాళీలూ చుక్కలూ సహా, ఉన్నవి ఉన్నట్టుగా ఒకదాని కింద ఒకటి రాయండి. తేడా అప్పుడే కంటికి కనబడుతుంది.

పర్లాకిమిడి_మహేంద్ర

వంశధార గారు చెప్పింది అక్షరాలా నిజం. దాని తర్వాతి మెట్టు ఫోను నంబరు.

ఒకే నంబరును ఇంట్లో ఎంతమంది ఆధార్‌కైనా ముడిపెట్టొచ్చు. కాబట్టి రాత్రి ఆ ఇంట్లోనే పడుకునే ఫోను ఏదో చూసి, దాన్నే ముసలివాళ్ల ఆధార్‌కి పెట్టించండి. సాధారణంగా అది కోడలి ఫోను అవుతుంది. నంబరు మార్చడానికి కాగితాలేమీ అక్కర్లేదు. ఆధార్ కేంద్రానికి మనిషి వెళ్లి వేలిముద్ర వేస్తే సరి, రుసుము 75 రూపాయలు. అంతకు మించి అడిగితే రసీదు అడగండి.

దళారి నంబరు గానీ, సేవా కేంద్రం నడిపే మనిషి నంబరు గానీ, చివరికి కార్యకర్త సొంత నంబరు గానీ ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టించకండి. మంచి మనసుతోనే మొదలవుతుంది, "ఓటీపీ నేనే చూసి చెప్తానులే మామ్మా" అని. ఆ నంబరు చేతిలో ఉన్నవాడి చేతిలో ఆ మనిషి గుర్తింపు అంతా ఉన్నట్టే.

రీచార్జి సంగతి కూడా చూడండి. 90 రోజులు ఏ వాడకమూ లేని సిమ్ మూతపడవచ్చు, ఆ నంబరు కొన్నాళ్లకు వేరేవాళ్లకు పోతుంది. అప్పుడు మామ్మ ఓటీపీ ముక్కూ మొహం తెలియని మనిషికి వెళ్తుంది. అర్జీ పెట్టే రోజున ఆ నంబరుకి ఒకసారి ఫోను చేసి, మోగిన ఫోను కళ్లతో చూశాకే ముందుకెళ్లండి.

ఇక బ్యాంకు. "ఆధార్ లింకు అయిందా" అంటే బ్యాంకువాళ్లు అయిందనే అంటారు. అది కేవైసీ కోసం నకలు ఇచ్చారన్న మాట. సర్కారు సొమ్ము పడాలంటే ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) పట్టికలో ఆ ఆధార్ ఎదురుగా ఆ బ్యాంకు పేరు ఉండాలి. ఆ పట్టికలో ఒక ఆధార్‌కి ఒకే బ్యాంకు ఉంటుంది, చివరగా ఎక్కించిందే నిలుస్తుంది. ఫోను కొట్టులో సిమ్‌తో పాటు తెరిచిన ఏదో ఖాతా పట్టికలో చేరిపోతే పింఛను అక్కడ పడుతుంది, పాత పాసుపుస్తకం ఖాళీగా కనబడుతుంది. సొమ్ము రాలేదని ఏడ్చే ముందు ఏ బ్యాంకుకి వెళ్లిందో మై ఆధార్ పోర్టల్‌లో "బ్యాంకు సీడింగ్ స్టేటస్" తెరిచి చూడండి. దానికీ ఓటీపీ కావాలి, అందుకే నంబరు పని ముందు. సుభద్ర అయితే ఖాతా ఆవిడ ఒక్కర్తి పేరు మీదే ఉండాలి, భర్తతో కలిసిన ఖాతా చెల్లదు. రెండేళ్లు లావాదేవీ లేని ఖాతా నిద్రలోకి పోతుంది, అదీ సరిచూసుకోవాలి.

సిరోంచ_ప్రాణహిత

మా దిక్కు మహారాష్ట్ర గడ్చిరోలిల కథ కొద్దిగ వేరే ఉన్నది. సిరోంచ, అంకిసా పట్టిల ఇండ్లల్ల తెలుగు మాట్లాడుతం, ఆఫీసుల మరాఠీ, అడవి ఊర్లల్ల మాడియా గోండి. ఒక్క ఫారం మూడు భాషలల్ల వివరించాల్సి వస్తది.

మహారాష్ట్ర సర్కారు ఆడోళ్లకు పైసలిచ్చే లాడ్‌కీ బహీణ్ పథకం 2024ల వచ్చింది, నెలకు 1500, వయసు 21 నుంచి 65. 2025 సెప్టెంబరుల ఈ-కేవైసీ (ఆధార్‌తోని ఆన్‌లైన్ల గుర్తింపు) పెట్టిన్రు. అందుల ఆడామె ఓటీపీ ఒక్కటే సరిపోదు, భర్తదో తండ్రిదో ఆధార్ పెట్టి ఆ ఓటీపీ కూడ అడుగుతది. ఇక్కడనే దెబ్బ. మొగడు ఇడిచిపెట్టి పోయిన ఆమె, విడాకుల కాగితం లేకుంట పుట్టింట్ల ఉన్న ఆమె, తండ్రి చనిపోయిన ఆమె, వీళ్ల సంఖ్య ఊరూరా పెరుగుతున్నది. యాప్ రాసినోళ్ల లెక్కల ఆడమనిషి అంటే ఎవరో ఒక మొగమనిషి ఆధార్ పక్కన ఉండేటామె. వితంతువులకు, విడాకులైనోళ్లకు తర్వాత మార్గం ఇచ్చిన్రు, మరణ పత్రమో విడాకుల పత్రమో అంగన్‌వాడీ సేవికకు ఇయ్యాలె. అందుకే మరణం రిజిస్టరు చేయించుడు ఇప్పుడు పింఛను పనిల భాగమే. చనిపోయిన 21 రోజులల్ల చెప్తే రుసుము లేదు, ఏడాది దాటితే మెజిస్ట్రేటు ఆర్డరు దాక పోతది. దినాలైన వారంలనే ఆ ఇంటికి పోయి కాగితం పని చెప్పుడు మొరటుగ అనిపిస్తది గని, చెప్పకపోతే ఆ ఇల్లాలు తర్వాత ఏండ్లకేండ్లు తిరుగుతది.

కాగితమే లేకుంట ఇడిచిపెట్టిన ఆమె సంగతే అన్నింటికన్న కష్టం. తాలూకా న్యాయ సేవల కమిటీల ఉచిత వకీలు దొరుకుతడు, ఆడవాళ్లకు ఆదాయం ఎంతున్నా ఆ హక్కు ఉన్నది. నంబరు 15100.

తీరం_గంజాం

ప్రాణహిత గారూ, 21 రోజుల మాట మా పేటల్లో గట్టిగా చెప్పాల్సిందే. సముద్రంలో పోయినవాళ్ల విషయంలో ఇంకా ఆలస్యమవుతుంది.

ఇంకో ప్రశ్న. వల లాగి లాగి, ఉప్పునీళ్లలో నాని వేలిముద్రలు అరిగిపోయినవాళ్ల సంగతేమిటి? జీడిపిక్కల పని చేసే ఆడవాళ్లదీ ఇదే బాధ.

పర్లాకిమిడి_మహేంద్ర

జీడి నూనె చర్మం పై పొరను కాల్చేస్తుంది. పని మానిన కొద్ది వారాలకు గీతలు కొంత తిరిగొస్తాయి. ఆధార్ బయోమెట్రిక్ మార్పించాలంటే జీడి సీజను అయ్యాక పంపండి, సీజనులో పంపితే అరిగిన వేళ్లే మళ్లీ రికార్డు అవుతాయి. రుసుము 125.

యంత్రం దగ్గర చెయ్యాల్సింది ఇది. అద్దాన్ని పొడి గుడ్డతో తుడవండి. చెయ్యి సబ్బుతో కడిగించి ఆరబెట్టండి. మరీ పొడిబారిన వేలైతే కొంచెం వాజిలిన్ రాసి తుడిచెయ్యండి. కొన మాత్రమే ఆన్చితే పడదు, మొదటి కణుపు మొత్తం బల్లపరుపుగా ఆనాలి. గట్టిగా నొక్కితే గీతలు కలిసిపోతాయి. బొటనవేలే పెట్టాలని లేదు. ఆధార్‌లో పది వేళ్లూ ఉన్నాయి, తక్కువ అరిగేది ఉంగరపు వేలు, ఎడమ చేతిది ముందు చూడండి. పడిన వేలేదో పాసుపుస్తకం అట్ట లోపల రాసిపెట్టండి, వచ్చే నెల వెతుక్కోనక్కర్లేదు.

వేలికి బదులు ఫోను కెమెరాలో ముఖం చూపించి గుర్తింపు చేసేటప్పుడు తప్పంతా వెలుతురులో ఉంటుంది. తలుపుకి వీపు పెట్టి కూర్చోబెడితే ముఖం నల్లగా వస్తుంది. అరుగు మీద, నీడలో, ఆకాశం వైపు ముఖం పెట్టి కూర్చోబెట్టండి. కొంగు నుదుటి మీద నుంచి వెనక్కి, కళ్లద్దాలు పక్కకి, ఫోను కళ్ల ఎత్తులో. రెప్ప ఎప్పుడు కొట్టాలో మీరు చెప్పాలి, కంటి ఆపరేషను అయినవాళ్లకి ఇంకాస్త నెమ్మదిగా. కొందరి ఆధార్ ఫొటో పదేళ్ల పైబడినది. పళ్లూడి దవడలు లోపలికి పోయిన ముఖాన్ని అది పోల్చుకోలేదు. అక్కడ ఇరవైసార్లు ప్రయత్నించి ఆ పెద్దామెను అలసటపెట్టకండి, ఫొటో కొత్తది తీయించండి.

ఇవేవీ పని చెయ్యకపోతే? 2017 అక్టోబరు 24న యూఐడీఏఐ (ఆధార్ ఇచ్చే సంస్థ) ఇచ్చిన సర్క్యులర్ ఉంది. వేలిముద్ర పడలేదని రేషను గానీ వేరే ప్రయోజనం గానీ నిరాకరించకూడదు, వేరే దారిలో గుర్తించి ఇవ్వాలి, ఆ సంగతి మినహాయింపు రిజిస్టరులో రాయాలి. దాని నకలు ఒకటి సంచిలో పెట్టుకోండి. "సర్వర్ లేదు, రేపు రా" అన్నచోట గొడవ పడకుండా ఆ కాగితం చూపించి, "రిజిస్టరులో రాసి ఇవ్వండి" అని అడగండి. రాయనంటే తేదీ, వేళ, కారణం మీ పుస్తకంలో రాసుకుని సరఫరా ఇన్‌స్పెక్టరుకి లిఖితంగా ఇవ్వండి.

జయపురం_కొలాబ్

వేలిముద్రతో డబ్బు తీసేచోట ఇంకో ప్రమాదం ఉంది, అది చెప్పకపోతే ఈ చర్చ పూర్తి కాదు. బ్యాంకు మిత్ర (ఊళ్లో బ్యాంకు తరఫున డబ్బిచ్చే ఏజెంటు) దగ్గర యంత్రం "ఫెయిల్" అంటుంది, ఖాతాలో మాత్రం డబ్బు తెగుతుంది. అన్నిసార్లూ మోసం కాదు. బ్యాంకు సర్వర్ డబ్బు తీసేసింది, ఆ జవాబు సిగ్నల్ లేక యంత్రం దాకా రాలేదు. అందుకే వెంటనే రెండోసారి వేలు పెట్టకూడదు. మొదట మినీ స్టేట్‌మెంట్ తీయించండి, తెగిందో లేదో అందులో తెలుస్తుంది. తెగితే రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం లావాదేవీ రోజు తర్వాత ఐదు రోజుల్లో వెనక్కి పడాలి, దాటితే రోజుకి వంద రూపాయలు పరిహారం. ఫెయిలైన రసీదైనా సరే అడిగి తీసుకోండి, ఫిర్యాదుకి అదే ఆధారం.

మోసం అయితే వేరే. "మొదటిసారి పడలేదు, మళ్లీ పెట్టు" అని రెండుసార్లు తీసి ఒకసారి డబ్బు ఇవ్వడం. దీనికి మందు రసీదు లెక్కే: ఎన్నిసార్లు వేలు పెడితే అన్ని రసీదులు. మోసమని తేలితే సైబర్ మోసాల నంబరు 1930కి ఎంత త్వరగా చెప్తే అంత మంచిది. వేలిముద్రతో డబ్బు తీసే అవసరం లేని కుటుంబాలకి ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టించండి. అయితే ఈ లాక్ రేషను దుకాణంలో కూడా అడ్డం పడుతుంది, తీయడం తెలిసిన మనిషి ఇంట్లో ఉంటేనే పెట్టండి.

రాయగడ_నాగావళి

అంగన్‌వాడీ సంగతి నేను రాస్తాను. అంగన్‌వాడీ కార్యకర్తలు వివరాలు ఎక్కించే యాప్ పోషణ్ ట్రాకర్ 2021లో వచ్చింది. 2025 జూలై నుంచి ఇంటికిచ్చే పొడి రేషనుకి, మన దగ్గర ఛతువాకి, ముఖం గుర్తింపు తప్పనిసరి చేశారు. తల్లి ఈ-కేవైసీ ఒకసారి ఆధార్ ఓటీపీతో అవుతుంది, అప్పుడు తీసిన ఫొటోతో ప్రతి పంపిణీలోనూ పోల్చి చూస్తుంది. తల్లి ఫోను తండ్రితో కేరళ పోతే మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి గర్భం నమోదు చేసే రోజే ఏ ఫోనుకి ఓటీపీ వస్తుందో అడిగి రాసుకోండి. కాన్పయ్యాక వెతికితే ఛతువా లేకుండా రెండు నెలలు గడిచిపోతాయి.

నన్ను బాగా బాధపెట్టే పొరపాటు పుట్టిన తేదీది. జనన పత్రం లేనప్పుడు చాలామంది జనవరి 1 అని ఎక్కించేస్తారు. పిల్లాడు నిజంగా పుట్టింది అక్టోబరులో అనుకోండి. ఏడాది నిండిన మగపిల్లాడి మధ్యస్థ ఎత్తు ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో 75.7 సెంటీమీటర్లు. వీడు సరిగ్గా అంతే ఉన్నాడు, ఆరోగ్యంగా ఉన్నాడు. యాప్ మాత్రం వాడికి 21 నెలలని లెక్కగట్టి, ఆ వయసుకి 85 ఉండాలి గదా అని ఎరుపు రంగులో గిడసబారిన పిల్లల్లో వేస్తుంది. తల్లి బెంబేలెత్తుతుంది, కార్యకర్తకి మాట పడుతుంది. అటుదిటైతే ఇంకా ఘోరం, నిజంగా ఎదగని పిల్ల పచ్చరంగులో దాక్కుంటుంది.

అనుమానం వస్తే వయసుతో పని లేని కొలతలు రెండున్నాయి. ఎత్తుకి తగ్గ బరువు ఒకటి. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకి జబ్బ చుట్టుకొలత రెండోది: 11.5 సెంటీమీటర్లకి తక్కువైతే తీవ్ర పోషకలోపం, 12.5కి తక్కువైతే ఒక మోస్తరు. ఎడమ జబ్బ, భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యన, చెయ్యి వదులుగా వేలాడనిచ్చి, టేపు చర్మాన్ని నొక్కకుండా చూడండి. రెండేళ్ల లోపు పిల్లల్ని పడుకోబెట్టి కొలవాలి. నిలబెడితే 0.7 సెంటీమీటరు తక్కువ వస్తుంది. పుట్టిన తేదీ కోసం పండుగలతో అడగండి: చైతి పరబ్‌కి ముందా, దసరాకి ఎన్నో నెల కడుపు, సంక్రాంతికి పాలు తాగుతున్నాడా. నెల తేలిపోతుంది.

కిన్వట్_పెన్‌గంగ

అందరూ కష్టాలే రాసిన్రు. మంచి జరిగిన చోటు కూడ చెప్పాలె గద. ఒకే దేశం ఒకే రేషను కార్డు వచ్చినంక పని కోసం తెలంగాణకు పోయిన కుటుంబం అక్కడి దుకాణంల బియ్యం తీసుకోవచ్చు. ఆహార భద్రత కార్డుల మనిషికి 5 కిలోలు, అంత్యోదయ కార్డుకు 35 కిలోలు. ఇంట్ల సగం మంది పోయి సగం మంది ఊర్ల ఉంటే, అక్కడ కొంత, ఇక్కడ కొంత తీసుకునే వీలున్నది. మిరప ఏరుడుకు, పత్తికి, ఇటుక బట్టీలకు పోయేటోళ్లు చానామందికి ఈ ముచ్చట తెల్వది. పోయే ముందటి వారం మూడు పనులు జూడాలె: కార్డుల అందరి ఈ-కేవైసీ అయిందా, కార్డు నంబరు ఫోనుల రాసుకున్నరా, అంగన్‌వాడీల పిల్లల పేర్లు వలస కింద కొత్త సెంటరుకు మార్చే ఏర్పాటు ఉన్నదా. పోషణ్ ట్రాకర్‌ల ఆ సదుపాయం ఉన్నది. పాత సెంటరుల పేరు అట్లనే ఉంటే కొత్త సెంటరు ఎక్కించుకోదు.

గోండి కోసం ఆది వాణి అని కేంద్ర గిరిజన శాఖ యాప్ 2025ల వచ్చింది, గోండి, భీలీ, ముండారి, సంతాలీ ఉన్నయి. ఫారం అర్థం చెప్పనీకి పనికొస్తది. మంచి మాట, సావు మాట, కేసు మాట మాత్రం దాంతోని మాట్లాడొద్దు. ఊరి మనిషిని తీసుకపోవాలె.

జయపురం_కొలాబ్

పెన్‌గంగ గారి ఆఖరి మాటకి ఒక చేర్పు. కేసు మాట అంటే చట్టమూ అదే చెప్తుంది, పోక్సోలో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) పిల్ల వాంగ్మూలానికి అవసరమైతే అర్హత ఉన్న అనువాదకుణ్ణి పెట్టాలి. బంధువు చేతో యాప్ చేతో కానివ్వకూడదు.

ఇక్కడ మారిన పద్ధతి ఒకటి నన్ను నిద్రపోనివ్వదు. పని చేసినట్టు రుజువుగా ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టమంటున్నారు. ఇంటి సందర్శన, పంపిణీ ఫొటోల వరకు అనుకున్నా, ఫోన్లో పరిచయమై ఇల్లు వదిలిపోయి దొరికిన 16 ఏళ్ల పిల్ల ఫొటో కూడా "రక్షించాం" అని గ్రూపులోకి వెళ్తోంది. బాల న్యాయ చట్టం 74వ సెక్షను ప్రకారం ఆ పిల్ల పేరు, చిరునామా, బడి, ఫొటో బయటపెట్టడం నేరం, ఆరు నెలల దాకా జైలు గానీ రెండు లక్షల దాకా జరిమానా గానీ రెండూ గానీ. పై అధికారి అడిగాడన్నది సాకుగా నిలవదు.

చెయ్యాల్సింది: పిల్లల హెల్ప్‌లైను 1098కో, అత్యవసర నంబరు 112కో ఫోను, 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరు. లైంగిక నేరమని తెలిస్తే పోలీసులకి తప్పనిసరిగా చెప్పాలి, పోక్సో 19వ సెక్షను. "పిల్లే ఇష్టపడి వెళ్లింది" అన్నది 18 లోపు లెక్కలోకి రాదు. గ్రూపులో కేసు నంబరు, తేదీ మాత్రం రాయండి. ఫొటో అవసరమైతే ఫైలు కోసం ఒకటి, ఇచ్చాక గ్యాలరీలోంచీ చెత్తబుట్ట ఫోల్డర్‌లోంచీ గూగుల్ ఫొటోస్ బ్యాకప్‌లోంచీ తీసేయండి. వాట్సాప్ సెట్టింగుల్లో మీడియా ఆటో డౌన్‌లోడ్ ఆపండి. చాలామంది కార్యకర్తల ఫోను ఇంట్లో పిల్లలూ వాడతారు, అది మరిచిపోకండి.

గుణుపురం_వంశధార

ఒంటరి ముసలివాళ్ల సంగతి చిన్నగా చెప్తాను. కొడుకు వీడియో కాల్ చేస్తాడు, అందులో ముఖమే కనబడుతుంది. కాళ్ల వాపు, వంటింట్లో ఖాళీ డబ్బా, మాత్రల షీటులో మిగిలిపోయిన మాత్రలు కనబడవు. ఇంటికెళ్లినప్పుడు ఆ మూడూ చూసి కొడుక్కి మీరే ఫోను చెయ్యండి. పెద్దలకి హెల్ప్‌లైను 14567, పొద్దున్న 8 నుంచి రాత్రి 8 దాకా. మనసు బాగోలేనివాళ్లకి టెలి మానస్ 14416, తెలుగులోనూ మాట్లాడతారు. ఈ రెండు నంబర్లూ గోడ మీద బొగ్గుతోనైనా పెద్దగా రాసి రండి.

తీరం_గంజాం

అందరికీ దండాలు. వచ్చే 15న జనసేవా దివస్‌కి (పింఛన్లు పంచే రోజు) మా పేటల్లో ఇంటికొక అట్టముక్క ఇవ్వబోతున్నాం. ఒకవైపు ఆధార్‌లో ఉన్న పేరు, ఖాళీలతో సహా. దాని కింద అదే పేరు ఒడియా అక్షరాల్లో, తెలుగు అక్షరాల్లో. రెండోవైపు ఓటీపీ వచ్చే ఫోను ఎవరిదో, పట్టికలో ఉన్న బ్యాంకు పేరు, పడే వేలు. ఆధార్ నంబరు మాత్రం రాయం. ఒడియా అక్షరాల్లో పేరు తప్పు లేకుండా రాసేవాళ్లు మా దగ్గర తక్కువ. బరంపురం వైపు రెండు లిపులూ తెలిసినవాళ్లుంటే 13, 14 తేదీల్లో ఆర్యపల్లి రాగలరా? సుమారు నూట ఇరవై ఇళ్లు, నలుగురుంటే రెండు పూటల పని.

పర్లాకిమిడి_మహేంద్ర

ఇద్దరం వస్తాం. అట్టలకి నీళ్లు తగిలినా చెరగని పెన్ను తెండి, మీ పేటల్లో మామూలు ఇంకు నిలవదు.